కోడింగ్ రాని నర్సు ఆరోగ్య సాంకేతిక రంగంలోకి వెళ్లవచ్చా?

ప్రశ్న: నేను తొమ్మిదేళ్లుగా ఐసీయూలో నర్సుగా పనిచేస్తున్నాను. నా వయసు 34. మా ఆసుపత్రిలో కాగితపు రికార్డులు తీసేసి కంప్యూటర్ వ్యవస్థ పెట్టినప్పుడు, దాన్ని ముందుగా నేర్చుకుని మా వార్డులో అందరికీ నేర్పే బాధ్యత నాకు అప్పగించారు. ఆ పని నాకు ఎంతో నచ్చింది. ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లే, కొత్త ఆసుపత్రుల్లో వ్యవస్థను నెలకొల్పే బృందంలో చేరమని అడుగుతున్నారు. నాకు కోడింగ్ ఒక్క ముక్క రాదు. ముందు ఉద్యోగం మానేసి రెండేళ్ల ప్రోగ్రామింగ్ కోర్సు చేయాలా? ఇంకొక బాధ కూడా ఉంది. సమావేశాల్లో నేను చెప్పిన మాటకు ఇంజినీర్లు తలూపి ఊరుకుంటారు. అదే మాట వారం తర్వాత మగ సహోద్యోగి చెబితే రాసుకుంటారు. కంపెనీలో చేరితే రోజూ ఇదే ఎదురవుతుందేమోనని భయంగా ఉంది. మా పాపకు నాలుగేళ్లు. రోగుల సేవ వదిలి కంప్యూటర్ ముందు కూర్చోవడం ఏమిటని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. నాకూ లోలోపల అలాగే అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

సమాధానం: సోదరీ, మీ మొదటి ప్రశ్నకు సూటిగానే జవాబు చెబుతాను. ప్రోగ్రామింగ్ కోర్సు కోసం ఉద్యోగం మానుకోవద్దు. కంపెనీ ఇస్తానన్న ఉద్యోగాన్ని కాదనవలసిన పనీ లేదు. అయితే చేరే ముందు ఖాయం చేసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని చివర్లో రాస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసినది మరొకటి. తొమ్మిదేళ్ల ఐసీయూ అనుభవాన్ని ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు సాగిపోయారు, రాని కోడింగ్ దగ్గర మాత్రం ఆగి బాధపడ్డారు. కోడ్ రాయగలిగినవాళ్లు ఈ రంగంలో కావలసినంతమంది ఉన్నారు. ఆ కోడ్ రోగి మంచం దగ్గరికి వచ్చాక ఎలా నడుస్తుందో, ఎక్కడ తప్పుతుందో కనిపెట్టి చెప్పగలిగినవాళ్లే తక్కువ.

ఇది మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదు. 1985 నుంచి 1987 వరకు థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురు రోగులకు ఇవ్వవలసినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది, ఆ గాయాలతో కొందరు చనిపోయారు. ఆసుపత్రులు అడిగినప్పుడు, తమ యంత్రం అంత మోతాదు ఇవ్వడం అసాధ్యమని తయారీ కంపెనీ జవాబిచ్చింది. 1986 మార్చి, ఏప్రిల్ నెలల్లో టెక్సాస్ రాష్ట్రంలోని టైలర్ అనే ఊళ్లో మూడు వారాల తేడాతో రెండు ప్రమాదాలు జరిగాయి. రెండుసార్లూ యంత్రం ముందున్నది ఒకే ఆపరేటర్. చాలాకాలంగా ఆ పని చేస్తున్న ఆమె చేయి వేగంగా నడిచేది. ఎలక్ట్రాన్ చికిత్సకు కొట్టవలసిన అక్షరానికి బదులు అలవాటుగా ఎక్స్‌రే అక్షరం కొట్టి, తప్పు గమనించి, బాణం గుర్తు మీటతో పైకి వెళ్లి చకచకా సరిదిద్దారు. తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని మాత్రం వచ్చింది. రెండో ప్రమాదం తర్వాత ఆసుపత్రిలోని భౌతికశాస్త్రవేత్త ఆమెతో కలిసి కూర్చున్నారు. ఏ మీట తర్వాత ఏ మీట నొక్కారో ఆమె గుర్తుచేసుకుని చెబుతుంటే, అదే వరుసలో మళ్లీ మళ్లీ నొక్కి చూసి, చివరకు ఆ సందేశాన్ని కావాలన్నప్పుడల్లా రప్పించగలిగారు. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి సుమారు 8 సెకన్లు పట్టేది. ఆ లోపే సవరణ ముగిస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకునేది కాదు. కంపెనీ ఇంజినీరు తానుగా ప్రయత్నించినప్పుడు ఏ లోపమూ బయటపడలేదు. వేగంగా కొట్టాలని ఆసుపత్రి వాళ్లు చెప్పాకే ఆయనకూ అది కనిపించింది. ఆపరేటర్ రోజూ ఎలా పనిచేస్తారన్నది తెలిసినవారి వల్లే ఆ రహస్యం తేలింది. ఆ జ్ఞానానికి ఏ కోర్సూ లేదు. మీకది ఇప్పటికే ఉంది.

మీ వార్డులోనే జరిగేదాన్ని చూడండి. మందు ఇచ్చే ముందు రోగి చేతి పట్టీ మీది బార్‌కోడ్‌ను, మందు మీది బార్‌కోడ్‌ను స్కాన్ చేయాలి. ఐదు ఆసుపత్రుల్లో ఈ పద్ధతిని పరిశీలించి 2008లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, నర్సులు దాన్ని తప్పించుకునే మార్గాలు 15 రకాలున్నాయని, వాటి వెనుక 31 రకాల కారణాలున్నాయని తేలింది. అర్ధరాత్రి నిద్రపోతున్న రోగి చేయి దుప్పటి కింద ఉంటుంది, పట్టీ నలిగి లేదా తడిసి ఉంటుంది, కంప్యూటర్ పెట్టిన బండి మంచం దాకా రాదు, లేదా దాని బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అప్పుడు నర్సు పట్టీకి నకలు ముద్రించి బల్లకో తలుపుకో అంటించుకుని దాన్నే స్కాన్ చేస్తుంది. ఈ సంగతి కంపెనీ సమావేశానికి చేరేసరికి, నర్సులు నియమం పాటించడం లేదన్న ఒక్క ముక్కగా మిగులుతుంది. దానికి మరో హెచ్చరిక తెర జోడిస్తారు, నర్సు పని ఇంకొంచెం పెరుగుతుంది, తప్పించుకునే మార్గాల్లో ఇంకొకటి చేరుతుంది. బండి చక్రం తలుపు గడప దాటడం లేదని ఆ గదిలో ఎవరైనా చెప్పగలిగి ఉంటే తీర్మానం మరోలా ఉండేది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ అవసరం తగ్గుతుందని కొందరు అనుకుంటారు. నా అభిప్రాయం దానికి పూర్తిగా విరుద్ధం. ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించే ప్రాణాంతక స్థితి అయిన సెప్సిస్‌ను ముందే పసిగట్టి హెచ్చరించే సాఫ్ట్‌వేర్ ఒకటి వందలాది ఆసుపత్రుల్లో వాడుకలోకి వచ్చిన తర్వాత, దాన్ని తయారీదారుతో సంబంధం లేని పరిశోధకులు పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. సుమారు 38 వేల ఆసుపత్రి చేరికలను పరిశీలిస్తే, అది 18 శాతం మంది విషయంలో హెచ్చరికలు మోగించింది, అయినా నిజంగా సెప్సిస్ వచ్చినవారిలో 67 శాతం మందిని గుర్తించలేకపోయింది. మోగేవాటిలో ఎక్కువ భాగం ఉత్తుత్తివే అయినప్పుడు నర్సు చెవి ఆ మోతకు ఎలా అలవాటు పడిపోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. మీరు ప్రతి షిఫ్టులోనూ నమ్మి వాడే పల్స్ ఆక్సీమీటర్ సంగతి కూడా అంతే. నల్లజాతి రోగుల రక్తంలో ఆక్సిజన్ నిజంగా తగ్గినా ఆక్సీమీటర్ బాగానే ఉందని చూపించే సందర్భాలు, తెల్లజాతి రోగులతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉన్నాయని 2020లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. ఆ పరికరాలు అప్పటికి దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి.

స్త్రీలు ఈ రంగంలో నిర్ణయాలు చేసే స్థానాల్లో ఉండాలని నేను గట్టిగా కోరుకోవడానికి కారణం కూడా ఇలాంటిదే. గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలను మందుల తొలిదశ ప్రయోగాల నుంచి మినహాయించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1977లో సూచించింది, 1993లో గాని ఆ విధానాన్ని మార్చుకోలేదు. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర స్త్రీల శరీరంలో నెమ్మదిగా తగ్గుతుందని, మర్నాడు ఉదయం వాహనం నడపడానికి కూడా ఇబ్బంది కలిగించేంత మందు రక్తంలో మిగిలి ఉండవచ్చని గుర్తించి, స్త్రీలకు దాని మోతాదును 10 మిల్లీగ్రాముల నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది 2013లో. ఆ మందు మార్కెట్లోకి వచ్చి అప్పటికి రెండు దశాబ్దాలు దాటింది. ఇప్పుడు మనం తయారు చేస్తున్న కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇటువంటి పాత సమాచారం నుంచే నేర్చుకుంటున్నాయి. ఇందులో స్త్రీల వివరాలు ఎన్ని ఉన్నాయి, వారికి ఫలితాలు విడిగా చూశారా అన్న ప్రశ్న ఎవరో ఒకరు అడగాలి, అదీ తయారీ మొదట్లోనే అడగాలి.

ఇక మీరు నేర్చుకోవలసిన దాని గురించి. కోడింగ్ అక్కరలేదని నేను అనడం లేదు. మీరు చేయబోయే పనికి అందులో చాలా చిన్న భాగం చాలు, అది ఉద్యోగం చేస్తూనే నేర్చుకోవచ్చు. అన్నిటికంటే ముందు ఎస్‌క్యూఎల్ నేర్చుకోండి. డేటాబేస్ నుంచి మనకు కావలసిన వివరాలను అడిగి రప్పించుకునే భాష అది. దాని మూలసూత్రాలు కొద్ది నెలల్లో పట్టుబడతాయి. అది వస్తే, రాత్రి షిఫ్టులో మోగిన హెచ్చరికల్లో ఎన్నింటిని నర్సులు చూడకుండానే మూసేశారో మీరే లెక్క తీయగలుగుతారు, ఇంకొకరు తీసి ఇచ్చేదాకా ఎదురుచూడనక్కరలేదు. తర్వాత, ఒక ఆసుపత్రి వ్యవస్థ మరో వ్యవస్థతో సమాచారం ఎలా పంచుకుంటుందో తెలుసుకోండి. హెచ్‌ఎల్7 అనే సంస్థ 1987 నుంచి దీనికి ప్రమాణాలు రూపొందిస్తోంది, వాటిలో ఇప్పుడు ఎక్కువగా వినబడే పేరు ఎఫ్‌హెచ్‌ఐఆర్. రోగి, పరీక్ష ఫలితం, మందు చీటీ వంటివాటిని ఒక్కొక్క విడి అంశంగా ఎలా రాయాలో అది చెబుతుంది. దాని వివరాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. వ్యాధులకు ఐసీడీ సంకేతాలు, ప్రయోగశాల పరీక్షలకు లాయింక్ సంకేతాలు ఎలా పనిచేస్తాయో పైపైన తెలిసినా చాలు.

సాధన చేయడానికి మీకు చాలా అనువైన సమాచార నిధి ఒకటి ఉంది. మిమిక్ అనే ఆ నిధిలో బోస్టన్ నగరంలోని ఒక ఆసుపత్రి ఐసీయూ రోగుల రికార్డులు, ఎవరివో గుర్తుపట్టే వివరాలన్నీ తొలగించి, పరిశోధకులకు ఉచితంగా అందుబాటులో ఉంచారు. మనుషుల సమాచారంతో ఎలా మెలగాలన్న ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి, వాడకపు ఒప్పందం మీద సంతకం చేస్తే అనుమతి ఇస్తారు. ఐసీయూ పట్టికను చూడగానే, ఈ రక్తపోటు విలువ మనిషిది కాదు, గొట్టం ఊడినప్పుడు వచ్చినది అని మీరు చెప్పగలరు. సాఫ్ట్‌వేర్ మాత్రమే చదువుకున్నవారికి అది ఒక అంకె. ఒక చిన్న ప్రశ్న తీసుకుని, ఆ సమాచారంతో జవాబు వెతికి, రెండు మూడు పేజీల నివేదిక రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఏ సర్టిఫికెట్ కంటే కూడా అది ఎక్కువ మాట్లాడుతుంది. మీ ఆసుపత్రి రోగుల సమాచారాన్ని మాత్రం, పేర్లు తీసేసి అయినా సరే, అనుమతి లేకుండా ఇందుకు వాడవద్దు.

సమావేశాల విషయం మీరు మొహమాటంతో క్లుప్తంగా రాశారు, కానీ ఈ ఉత్తరానికి అదే కీలకమనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదిక ప్రకారం ఆరోగ్య, సామాజిక సేవా రంగాల్లో పనిచేసేవారిలో దాదాపు 70 శాతం మంది స్త్రీలే అయినా, ఉన్నత స్థానాల్లో ఉన్నది 25 శాతం మందే. కాబట్టి మీకు జరిగినది మీ గొంతు చిన్నది కావడం వల్ల జరిగినది కాదు, గొంతు పెంచితే తీరేదీ కాదు. మాటగా చెప్పినది గాలికి పోతుంది గనుక రాతలోకి మార్చండి. సమావేశానికి ముందు రోజే, ఏ తెర, ఏ పరిస్థితి, రోగికి కలగగల హాని, మీరు సూచించే మార్పు, ఈ నాలుగూ అర పేజీకి మించకుండా అందరికీ పంపండి. వైద్య పరికరంగా లెక్కకు వచ్చే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసేవారు ఐఎస్‌ఓ 14971 అనే ప్రమాణాన్ని అనుసరించి, ప్రమాదావకాశాలను గుర్తించి, ఒక్కొక్కదానికి ఏం చేశారో రికార్డు ఉంచుకుంటారు. దాన్ని సాధారణంగా హజార్డ్ లాగ్ అంటారు. మీ పరిశీలనను ఆ లాగ్‌లో చేర్చమని అడగండి. మాట తోసిపుచ్చడం తేలిక, లాగ్‌లో తేదీతో, పేరుతో చేరిన ప్రమాదాన్ని మూసేయాలంటే ఎందుకు మూశారో ఎవరో ఒకరు రాసి సంతకం పెట్టాలి. పక్కనే కూర్చున్న ఒక సహోద్యోగితో ముందే మాట్లాడుకుని, ఒకరు చెప్పిన విషయాన్ని మరొకరు వారి పేరుతోనే ప్రస్తావించే ఏర్పాటు చేసుకోవడం కూడా మేలు చేస్తుంది. ఇవన్నీ చేసినా వినని చోటు ఉంటుంది. అక్కడ ఏళ్ల తరబడి ఓర్చుకోవడం మీ బాధ్యత కాదు, మరో కంపెనీ వెతుక్కోవచ్చు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. వైద్యరంగం నుంచి వచ్చిన స్త్రీలకు ఈ కంపెనీల్లో ముందుగా దొరికేవి శిక్షణ ఇచ్చే పని, ఫోన్లో సందేహాలు తీర్చే పని. రెండూ గౌరవమైనవే, ప్రారంభానికి మంచివి కూడా. అయితే ఓపికగా చెబుతారు, అందరితో కలిసిపోతారు అన్న ప్రశంసలతో వారిని అక్కడే ఉంచేయడం మామూలుగా జరుగుతుంది. వ్యవస్థ ఎలా ఉండాలో తేల్చేది ఆ గదుల్లో కాదు. ఉత్పత్తి నిర్వహణ (ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్), వైద్య సమాచారాన్ని కంప్యూటర్లలో ఎలా వాడాలో చూసే క్లినికల్ ఇన్ఫర్మాటిక్స్, వైద్య భద్రత, నియంత్రణ అనుమతుల విభాగాల్లో అది తేలుతుంది. వీటిలో వైద్య భద్రతను నేను ప్రత్యేకంగా సూచిస్తాను, ఎందుకంటే మంచం దగ్గర ఏం తప్పవచ్చో ఊహించగలగడమే ఆ పనికి మూలధనం. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మొదటి రెండేళ్లు వ్యవస్థలు నెలకొల్పడంలో గడపండి, ఆ తర్వాత ఈ విభాగాల్లో ఒకదానికి మారాలన్న ఉద్దేశాన్ని మొదటి రోజు నుంచే మీ పై అధికారికి చెప్పి ఉంచండి.

సేవ వదిలేస్తున్నానన్న బాధ గురించి కూడా చెప్పాలి. వర్జీనియా యాప్గార్ అనే అమెరికన్ వైద్యురాలు శస్త్రచికిత్సలో శిక్షణ పొందుతున్నప్పుడు ఆ దారి వద్దని పెద్దలు వారిస్తే మత్తువైద్యంలోకి మారారు. పుట్టిన బిడ్డ స్థితిని ఒక నిమిషంలో అంచనా వేయడానికి 1952లో ఆమె ఐదు లక్షణాలతో ఒక పద్ధతి ఏర్పరిచారు. గుండె వేగం, శ్వాస, కండరాల బిగువు, స్పందన, రంగు, ఒక్కొక్కదానికి సున్నా నుంచి రెండు మార్కులు. కాన్పు గదిలో ఊపిరి సలపని ఆ నిమిషంలో చేయగలిగినది ఎంతో తెలిసినవారు తయారుచేసిన పద్ధతి గనుకనే, ప్రపంచమంతటా కాన్పు గదుల్లో అది ఇప్పటికీ నడుస్తోంది. ఆమె చూడని, తాకని కోట్ల మంది బిడ్డలకు ఆమె పని అందింది. ఇది సేవ కాదని మీ ఇంట్లోవాళ్లు కూడా అనరు. అయితే ఒక నిజం దాచను. రోగి కోలుకుని నడిచి వెళ్తుంటే కలిగే తృప్తి ఈ ఉద్యోగంలో అంత తరచుగా, అంత దగ్గరగా దొరకదు. అది లేకుండా ఉండలేనని తెలిస్తే, ఆసుపత్రిలోనే సగం సమయం వార్డులో, సగం ఇన్ఫర్మాటిక్స్‌లో పనిచేసే ఉద్యోగాలు ఉన్నాయి. మీ ఆసుపత్రి యాజమాన్యాన్ని ఆ విషయం అడగడం కూడా తప్పు కాదు.

ఇప్పుడు కంపెనీని అడగవలసినవి. వ్యవస్థలు నెలకొల్పే బృందాలు చాలావరకు ప్రయాణాల మీదే ఉంటాయి, కొత్త వ్యవస్థ మొదలయ్యే వారాల్లో రాత్రింబవళ్లు ఆసుపత్రిలో ఉండవలసి వస్తుంది. నెలకు ఎన్ని రోజులు బయట ఉండాలి, ఎన్ని రోజుల ముందు చెబుతారు, వరుసగా గరిష్ఠంగా ఎన్ని రోజులు, రాత్రి పిలిస్తే బదులు సెలవు ఇస్తారా అన్నవి నియామక పత్రంలో రాయించుకోండి. నాలుగేళ్ల పాప ఉందని చెప్పుకోవలసిన అవసరం లేదు, అడగడానికి ఏ ఉద్యోగికైనా హక్కున్న ప్రశ్నలే ఇవి. పాప బాధ్యతను మీరు ఊళ్లో లేని రోజుల్లో ఎవరు చూస్తారన్నది మాత్రం మీ భర్తతో రోజుల వారీగా, ముందే మాట్లాడి తేల్చుకోండి. సర్దుకుందాంలే అన్న మాటతో మొదలైన ఏర్పాట్లలో సర్దుకునేది ఎప్పుడూ ఒకరే అవుతారు. జీతం విషయంలో మిమ్మల్ని ఈ రంగానికి కొత్త అని లెక్కగట్టనివ్వకండి. ఆ తొమ్మిదేళ్లనూ చూసి కంపెనీ మిమ్మల్ని పిలిచింది, కాబట్టి అనుభవం కింద వాటిని లెక్కించమని అడగండి.

చివరగా, మీ నర్సింగ్ రిజిస్ట్రేషన్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ గడువు దాటనివ్వవద్దు. తిరిగి వార్డుకు రావాలనిపిస్తే దారి తెరిచి ఉంటుందన్నది ఒక కారణం. రెండోది, నేను పైన చెప్పిన వైద్య భద్రత ఉద్యోగాలకు కొన్నిచోట్ల అదే అర్హత. ఉదాహరణకు ఇంగ్లండ్‌లో జాతీయ ఆరోగ్య సేవకు సాఫ్ట్‌వేర్ అందించే కంపెనీలు డీసీబీ0129 అనే ప్రమాణం కింద ఒక వైద్య భద్రతాధికారిని నియమించుకోవాలి. ఆ వ్యక్తికి వైద్య వృత్తిలో అమలులో ఉన్న రిజిస్ట్రేషన్ తప్పనిసరి. హజార్డ్ లాగ్ మీద సంతకం చేసే కుర్చీ అది, నర్సులు కూడా అందులో కూర్చోవచ్చు.